చిల్లర బాకీ

స్వరూపత్తా,
నువ్వు నాకు మూడు రూపాయలు బాకీ.

హన్మకొండ నుంచి పస్రా. కిటికీ సీటు.
సొంత మేనకోడలినని కూడా చూడకుండ టికెట్టు కొట్టి
డెబ్బై ఏడుకు ఎనభై తీస్కొని
వెనుక మూడంకె వేసి చుట్టూ గీత గీసినవు.
పెన్ను పడక రెండుసార్లు దిద్దినవు.
దిగేటప్పుడు నువ్వు మర్చిపోయినవు.
నేను మర్చిపోలే. ఊకున్న.

బాపు చెల్లెవు కాబట్టి అత్తవు.
నా కంటె పన్నెండేండ్లు ముందు పుట్టినవు కాబట్టి పెద్దదానివి.
ఆ రెండూ పక్కన పెడితే
పబ్లిక్ గార్డెన్ ముంగట ఒక్క ప్లేటు మిర్చీ తెప్పించుకొని
ఆఖరి బజ్జీ కోసం నాతోని కొట్లాడిన మనిషివి.

ఖాకీ అంగీ ఏస్కొని నువ్వు గల్లీల నడిచిన మొదటి పొద్దు
కుమార్‌పల్లి కిటికీలన్నీ తెరుచుకున్నయి.
మొగోళ్ల నడుమ తోసుకుంట తిరిగేది గూడ ఒక కొలువేనా అని
నానమ్మ మూడు దినాలు మాట్లాడలే.
మొదటి జీతం తెచ్చి ఒళ్లె పోస్తే
రెండుసార్లు లెక్కవెట్టి, కొంగున ముడేసుకొని,
"రేపు ఎన్నింటికి డ్యూటీ?" అన్నది.

పెండ్లైన నలభై దినాలకే ఎందుకు తిరిగొచ్చినవో
ఇంట్ల ఎవ్వలికీ చెప్పలే.
వడ్డెపల్లి కట్ట మీద మక్కకంకి ఒలుసుకుంట నాకు చెప్పినవు:
"ఆయన బయటికి పోతే
గొళ్లెం బయటి నుంచి పెట్టి పోయేటోడు.
మా బండికి తలుపే సక్కగ పడదు పిల్లా.
గందుకే నచ్చింది."
కంకి విరిచి సగం నాకిచ్చినవు.
మాడిన దిక్కు నువ్వుంచుకున్నవు.

ఇంటర్ల నేను తప్పిన నాడు ఓదార్చలే.
ఏటూరునాగారం బండెక్కించి
ఒళ్లె సంచి పెట్టి చిల్లర లెక్కవెట్టమన్నవు.
తాడ్వాయి అడవి దాటకముందే నాలుగు రూపాయలు తక్కువొచ్చినయి.
"గీ లెక్కకు తప్పవా మరి!" అని
విజిల్ నోట్లె ఉండంగనే నవ్వితివి.
అది కూసింది.
డ్రైవర్ సాంబయ్యన్న స్టాపనుకొని నడి అడవిల బండాపిండు.
దిగేటోళ్లు లేరు. ఎక్కేటోళ్లు లేరు.
మనమిద్దరం కడుపు పట్టుకొని నవ్వుడే.

మేడారం జాతర డ్యూటీ నుంచి వచ్చిన రాత్రి
నీ సంచంతా బెల్లం జిగట.
పొద్దుగాల లేచి చూస్తే
గోడ మీదికెల్లి నీ సంచి దాక చీమల లైను,
చిల్లర సరిగ్గ తెచ్చిన ప్యాసింజర్ల లెక్క.

ఎంజీఎంల ఆఖరి రాత్రి
నువ్వు "రైట్ రైట్" అన్నవని రాస్తే
ఈ కవిత బాగుండు.
అనలే.
మంచినీళ్లడిగినవు. ఫ్యాను ఎక్కువ పెట్టుమన్నవు.
ఎక్కువల్నే ఉన్నదని నేనన్న.
మన ముచ్చట గంతే.

పదో దినం నాడు
తాడ్వాయి అవుతల నుంచి ఒక ముసలవ్వ
కండక్టరమ్మ ఇల్లు అడుక్కుంట వచ్చింది.
నీ ఫోటో ముందట ఇరవై నోటు పెట్టింది.
మన్మన్ని దవాఖానకు తీస్కపోయిన నాడు
టికెట్టు నువ్వే కొట్టుకున్నవట.
బాపు వద్దంటే వినలే:
"బాకీ ఉంటె ఒకలనొకలు ఎనక్కి చూసుకుంటనే ఉంటరు బిడ్డా,
ఆమెనన్న సక్కగ పోనియ్యి."

అవ్వ మంచిదే.
నేను గంత మంచిదాన్ని కాదత్తా.

ఇప్పుడు ఆడోళ్లకు జీరో టికెట్టు.
చిల్లర గొడవే లేదు.
మొన్న పస్రా పోయిన, కిటికీ సీటు దొరకలే.
పర్సుల నీ టికెట్టు తీసి చూస్తే
మిషన్ అచ్చంతా ఎగిరిపోయింది,
ఎక్కిన ఊరు, దిగే ఊరు, తారీఖు, పైసలు, తెల్లగ.
వెనుక, రెండుసార్లు దిద్దిన మూడు.