ఉప్పుకొట్టులో యాజకులు

సినోపే రేవులో, మా యజమాని చిట్టాలో
మేం తెడ్ల తర్వాత, వలల ముందు వస్తాం.
తెడ్లు నలభై. మనుషులు తొమ్మిది. వలలు పన్నెండు, చిరిగినవి మూడు.
చిరిగిన మనుషుల లెక్క విడిగా రాయలేదు.

నా పేరు అమ్మియా. ఎవరి అమ్మాయినో తెలియదు.
అమ్మినవాడు ఫ్రుగియ అన్నాడు,
కొన్నవాడు గలతీయ అని రాసుకున్నాడు.
ఏ ఊరి దేవుడి జాబితాలోనూ నేను లేను.

ఓడలు ఒడ్డెక్కి బోర్లా పడుకునే శీతాకాలంలో
ఉత్తరం ఒకటి చేతులు మారీ మారీ
అంచులు నలిగి మా ఉప్పుకొట్టుకు చేరింది.
మాలో చదువొచ్చింది లెక్కలు రాసే ఫిలెరోస్‌కి ఒక్కడికే.
చేపనూనె దీపం దగ్గర, గొంతు తగ్గించి చదివాడు.
ఒకచోట ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు.
మనం యాజకులమట.
జాడీల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వరా మరి?
కొండ మీది గుడి యాజకుణ్ణి చూశాం మేం.
తెల్లటి నార, తలకు ఉన్ని పట్టీ,
ఒంటి మీద ఒక్క మచ్చ ఉన్నా దొరకని కొలువు.
మాకేమో మోచేతుల దాకా చేప పేగుల వాసన,
వేళ్ల సందుల్లో ఉప్పు తిన్న పుళ్లు,
మానేస్‌కైతే నుదుటి మీద అక్షరాలు.

నుదుటిరాత ఎవరికీ కనబడదంటారు.
అతనిది వీధిలో పోయేవాడెవడైనా చదవగలడు:
పారిపోయేవాడు, పట్టుకోండి.
సూదితో పొడిపించింది మా మేస్త్రీ స్త్రాతోన్.
మసి కలిపిన పసరు అద్దుతుంటే
కాళ్లు పట్టుకున్నది నేను.
పట్టుకోమన్నారు, పట్టుకున్నాను.
ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఉత్తరం సాగింది.
ఎవరికీ ఏమీ కాని మిమ్మల్ని
ఒకాయన నావాళ్లు అన్నాడని,
మీరు వెతకని కనికరం మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిందని.
మానేస్ చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది,
జుట్టు లాక్కోవడానికి కాదు ఈసారి.
చదవడం రాని వేలు ఒక్కో అక్షరాన్నీ తడిమింది,
వాటి కింద ఇంకేమైనా రాసుందేమో అన్నట్టు.

తూర్పు నుంచి చేపల గుంపులు దిగిన వారం
స్త్రాతోన్ కూతురికి జ్వరం.
గుడివాళ్లు పొట్టేలు అడిగారు, ఇచ్చాడు. ఇంకోటి అడిగారు.
మూడోరాత్రి మా గుమ్మం బయట నిలబడ్డాడు,
చేతిలో కొరడా లేదు,
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మానేస్ కడుక్కోలేదు. కడిగితే పోయే వాసనా అది?
ఆ చేతులే పైకెత్తాడు.
పిల్ల పేరు చెప్పాడు.
ఆగి, ఊపిరి తీసుకుని, తండ్రి పేరు కూడా చెప్పాడు.
అందరూ ఆమెన్ అన్నారు.
నాకు నోరు రాలేదు.
యాజకురాలినట నేను, ఆ రాత్రి కొలువెగ్గొట్టాను.

పిల్ల బతకలేదు.
అద్భుతం కోసం ఇంతదాకా విన్నవాళ్లు క్షమించాలి.

తొమ్మిదోరోజు పొద్దుగూకాక అతను మళ్లీ వచ్చాడు.
లోపలికి రాలేదు, పగిలిన జాడీ పెంకుల మీద కూర్చున్నాడు.
లోపల మేం రొట్టె విరుచుకుంటున్నాం,
బార్లీది, తవుడు ఎక్కువ.
నా వంతు నా చేతిలో ఉంది.
ఆ చేతులు పట్టుకున్న కాళ్లు గుర్తొచ్చాయి.
ఆ కాళ్ల మనిషి ఇన్నేళ్లుగా
నా పక్కనే కూర్చుని తింటున్నాడన్న సంగతీ.

కనికరం పొందడమంటే ఇదేనేమో,
ఎవరో తీర్చేసిన బాకీ
మన ఒళ్లో ఇంకా బరువుగా ఉండటం.

లేచాను. గుమ్మం ఆరడుగులు.
కొండ మీది గుడికి నూట ఇరవై మెట్లంటారు,
నాకా ఆరే ఎక్కువయ్యాయి.
రొట్టె రెండు చేశాను.
పెద్ద ముక్క నాకే ఉంచుకున్నాను, అబద్ధమెందుకు.
చిన్నది గడప దాటించాను.

చాలాసేపు అతను అందుకోలేదు.
కాస్త ఉప్పగా ఉంటుంది, అన్నాను.