నిల్

ఆటోనగర్‌లో రొయ్యల ఎగుమతి ఆఫీసు.
ఎదుట హేమసుందర్ అనే కుర్రాడు,
నేను ఉద్యోగం మానేసిననాటికి ఏడో తరగతిలో ఉండుంటాడు.
"మీ పాన్ పనిచెయ్యట్లేదు మేడం" అన్నాడు,
ఎవరో పోయారని చెప్పలేక మొహమాటపడినట్టు.

ఆసీల్‌మెట్ట, మెట్లకింద కొట్టు.
పైడిరాజు గారు కళ్లద్దాలు నుదుటికెత్తి
"ఇందులో అప్పలకొండకి ఒక పీ, అందులో రెండు.
ఏటమ్మా, మీరు ఒకరా, ఇద్దరా?"
ఒకర్తినే అనిపించుకోడానికి
వెయ్యి రూపాయల జరిమానా.

కార్డులో పిల్ల నూనె రాసి దువ్విన తలతో
మొదటి జీతం ఇంకా అందుకోలేదు.
నన్ను చూసి, మీరెవరండీ అనలేదు. నయం.

మళ్లీ ఆటోనగర్. ఫారం.
గత యజమాని పేరు, అంది గడి.
స్టీమర్ల ఏజెన్సీ మూతబడింది,
ఆ మేడమీద ఇప్పుడు బిరియానీ.
తర్వాత పదకొండేళ్లు
కేజీహెచ్‌లో ఆయన డయాలసిస్ చీటీ కోసం
తెల్లారి నాలుగింటికే వరసలో నా చెప్పు వదిలి
చోటు ఆపుకున్నాను.
చెప్పుకి గడి లేదు.

"నిల్ అని రాసెయ్యండి మేడం."
రాశాను. గుండ్రంగా, తప్పు లేకుండా.

"పాత పద్ధతా, కొత్త పద్ధతా?"
"ఏది తక్కువ కోస్తాది బాబూ?"
కుర్రాడు కంప్యూటర్ వైపు తిరిగి
"మీ జీతానికి... రెండూ కొయ్యవు."

పన్నుకంటికైనా ఆనని జీతం!
సింధియా దాకా బస్సులో నవ్వుకుంటూనే ఉన్నాను.
దిగాక చూస్తే
టికెట్టు మడిచి పర్సులో దాచి ఉంది.
ఎవరు అడుగుతారని?