వయసు గడి

పిన్యావ్ దాటాక రోడ్డు కొండకి తాడులా చుట్టుకుంది.
రెండు వైపులా పలకరాళ్ల గోడలు.
ఇక్కడ మట్టి లేదు,
రాతిని పగలగొట్టి దానికి మట్టి అని పేరు పెట్టుకున్నారు.
ఆ చీలికల్లోకి వేళ్లు దింపి
ద్రాక్షతీగ నీళ్లు వెతుక్కుంటుంది,
చీకట్లో అగ్గిపెట్టె తడుముకునే మనిషిలా.
కింద దౌరో,
ఆనకట్టలు కట్టాక నోరు మూసుకున్న నది.

నేను గాయా నుంచి వచ్చిన కంపెనీ మనిషిని.
చేతిలో గాజు గొట్టం, సంచిలో ఆరు ఖాళీ సీసాలు,
గళ్లు గీసిన ఫారం ఒకటి.

అదోజిందా కొట్టం తలుపు భుజంతో తోసింది.
"తల చూసుకో,
మా ఆయన నలభై ఏళ్లూ చూసుకోలేదు" అంది.
లోపల ఒకే ఒక్క పీపా,
నెమరు వేయడం ఆపిన ఎద్దులా పడుకుని ఉంది.
దూలాలు నలుపు, పెంకులు నలుపు.
పొగచూరి కాదు, బూజు పట్టి.
"అదీ తాగుతుంది" వేలు పైకెత్తింది,
"రోజూ తాగుతుంది. పద్దు లేదు.
ఒక్కనాడూ తూలింది లేదు."

బిరడా కదలగానే
ముందు అక్రోటు, తర్వాత నారింజ తొక్క,
ఆ తర్వాత
ఎవరిదో పెళ్లిబట్టల పెట్టె తెరిచిన వాసన.
గ్లాసు కిటికీకి పట్టాను.
నేరేడు రంగు ఎప్పుడో పోయింది,
ఇటుక రంగూ పోయింది.
దోరగా వేగిన బాదం రంగు మిగిలింది,
అంచున సన్నటి ఆకుపచ్చ గీత.
ఆ గీత పాతదానికే వస్తుంది,
అరువు తెచ్చుకోవడం కుదరదు.

"ఎన్నేళ్లది?" ఫారం తీశాను.
"ఏ భాగం?" అంది.

ఏటేటా గాలి తాగినంత మేర
ఆ ఏటి కొత్త వైను ఒక కూజాడు పోస్తుందట.
అడుగున అత్తగారు తొక్కిన పంట.
దాని మీద రాళ్లవాన ఏడు,
కొండంతా కలిపి ఏడే గంపలు.
దాని మీద, తమ్ముడు ఎవరిస్తు
అంగోలా యుద్ధానికి ఓడెక్కిన సెప్టెంబరు.
ఆ రాత్రి తొట్టిలో
భుజాల మీద చేతులేసుకుని తొక్కే వరసలో
ఒకచోట ఆమె చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.
"పొంగు సగంలో సారాయి పోసి ఆపేస్తాం కదా,
తీపి ఇంకా మిగిలుండగానే.
వాడినీ అలాగే ఆపేశారు" అని
బిరడా పైటకొంగు లాంటి ఏప్రన్‌తో తుడిచింది,
తుడవాల్సిందేమీ లేకపోయినా.

కలిపిన వాటికి సగటు వయసు వేస్తారని చెప్పాను.
పళ్లు లేని వైపు నవ్వింది.
"నాకు డెబ్బై ఎనిమిది. మనవరాలి కొడుక్కి నాలుగు.
అయితే మా ఇద్దరికీ చెరో నలభై ఒకటా?
మరి నాకీ మోకాలి నొప్పేంటి?
వాడికి మీసమేదీ?"

ధర చెప్పాను. మళ్లీ చెప్పమంది,
వినడానికి బాగుందట.
"సగం ఇస్తాను."
"మిగతా సగం?"
"ఈ ఏటిది పోయడానికి కింద ఏదో ఒకటి ఉండాలి కదా."

నా గ్లాసులో ఒక గుక్క మిగిలింది.
అది లాక్కుని
నేరుగా పీపాలోకే వంచేసింది.
కంపెనీ నిబంధనలు గుర్తొచ్చి నా చెయ్యి లేచింది,
"అయ్యో, నా ఎంగిలి."
"అందులో లేని ఎంగిలి ఎవరిదని!"

ఆ రాత్రి గాయాలో,
నదికి అవతల పోర్టో దీపాలు
నీళ్లలో నిలువుగా కరుగుతుంటే,
వయసు అన్న గడిలో
నలభై ఒకటి అని రాశాను.
మేనేజరు కళ్లజోడు పైకి తోసి
"పదుల్లో ఉండాలి కదయ్యా.
ఆ ఒక్కటీ కొట్టేయ్" అన్నాడు.

కలం మూత తీసుకుని కూర్చున్నాను.
ఏ ఏడాదిని?
ఏడు గంపల ఏడాదినా,
చెయ్యి గాలిలో ఉండిపోయిన ఏడాదినా?