నో డ్యూస్

కొమ్మాది దాటాక, కొండని సగం కోసి కట్టిన కాలేజీ మాది.
కిటికీలోంచి సముద్రం కనపడదు గానీ
దాని ఉప్పు మాత్రం ఎలాగో దారి కనుక్కుని వచ్చి
సర్టిఫికెట్ల బీరువాని కొరుకుతూ ఉంటుంది.
ఏటా జూన్‌లో తాళానికి కొబ్బరి నూనె పోస్తాను.

లోపల నాలుగు వందల పన్నెండు మంది.
పదో తరగతి మెమో, ఇంటరు, టీసీ, కులం కాగితం,
ఒక్కొక్కళ్ళూ ఒక్కో ప్లాస్టిక్ కవర్లో
కలరా ఉండల వాసనలో పడుకుని ఉంటారు.
బయట వాళ్ళకి మీసాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి.
ఫొటోల్లో మాత్రం ఇంకా
రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

నేను మూడో నంబరు కిటికీ వెనక కూర్చుంటాను.
రోజంతా ఒకటే మాట:
"ఇంకా పడలేదమ్మా."
ఏమిటి పడలేదో ఎవరూ అడగరు.
పైనుంచి పడాలని అందరికీ తెలుసు, వాన లాగా.
ఓ ఏడు కాలేజీ ఖాతాలో వేస్తామన్నారు,
మరుసటేడు తల్లి ఖాతాలో అన్నారు,
మళ్ళీ కాలేజీకే అన్నారు.
పథకం పేరు మారినప్పుడల్లా కొత్త రబ్బరు స్టాంపు.
పాతవి మూడు నా సొరుగులో ఉన్నాయి,
మనవడొస్తే ఆడుకుంటాడు.

వాసుపల్లి హైమకి ఒకసారి పడింది.
పడ్డది వాళ్ళమ్మ ఖాతాలో.
ఆ రాత్రే డ్వాక్రా వాయిదా కింద బ్యాంకు లాగేసుకుంది.
వేట నిషేధం రోజులు,
హార్బర్లో బోట్లన్నీ తాళ్ళకి కట్టి ఉన్నాయి,
ఎండు చేపల బేరమూ లేదు.
హాల్ టికెట్ ఆగింది.
అది రెండో సంవత్సరం.
చదువు మానేసిన వాళ్ళ ఫారంలో
కారణానికి మూడే గళ్ళుంటాయి:
అనారోగ్యం, వివాహం, వ్యక్తిగతం.
నేను వ్యక్తిగతం దగ్గర టిక్కు పెట్టాను.
అమరావతికి వెళ్ళే లెక్కలో
హైమ తన ఇష్టంతో వెళ్ళిపోయింది.

ఎంవీపీ కాలనీ అబ్బాయి ఒకడొస్తాడు.
ఫోను చూపిస్తాడు, టింగ్ మంటుంది, అయిపోతుంది.
"థాంక్యూ అంకుల్" అంటాడు. మంచి పిల్లాడు.
వాడి మీద నాకేం కోపం లేదు,
ఆ టింగ్ మీదే
ఎందుకో కొంచెం.

నా జీతం రాక మూడు నెలలు.
రీయింబర్స్‌మెంట్ వస్తే గానీ, అంటారు ప్రిన్సిపాల్ గారు.
ఆయనకీ వచ్చినట్టు లేదు, కారు మానేసి స్కూటర్ మీద వస్తున్నారు.
మొన్న సెలవు పెట్టి గాజువాక వెళ్ళాను,
మా అమ్మాయి కాలేజీకి.
అక్కడా ఒక కిటికీ, లోపల నా వయసు మనిషి.
"ఇంకా పడలేదండీ" అన్నాడు.
గొంతు కూడా నాదే అనిపించింది.
అరువు అడిగేవాడిలా నవ్వాను.
అతనూ అలాగే నవ్వాడు.

పాంగి బొంజుబాబుది హుకుంపేట దగ్గర ఊరు.
పరవాడ మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది,
సోమవారంలోగా ఒరిజినళ్ళు చూపించాలి.
బాకీ ముప్పై ఎనిమిది వేల అయిదు వందలు.
అది అతని బాకీ కాదు, ప్రభుత్వానిది.
కానీ బీరువాలో ఉన్నది ప్రభుత్వం కాగితాలు కాదు కదా.
మూడుసార్లు ఘాట్ రోడ్డు దిగి వచ్చాడు.
నాలుగోసారి సోమవారం దాటిపోయాక వచ్చాడు,
ఏమీ అడగలేదు.
కాసేపు నిలబడి,
"ఒక్కసారి చూసుకోవచ్చా సార్, ఇక్కడే?" అన్నాడు.

తీసి కిటికీలోంచి అందించాను.
చొక్కాకి చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు.
"లెక్కల్లో పదికి పది సార్" అన్నాడు,
ఎవరో తెలిసినవాళ్ళ గురించి చెబుతున్నట్టు.
పట్టుకుని పరిగెత్తవచ్చు.
గేటు దగ్గర వాచ్‌మన్ టీకి వెళ్ళాడు,
నేను బల్ల కింద చెప్పులు వెతుక్కునేలోపు
బస్సెక్కెయ్యొచ్చు.
పరిగెత్తరా, అనుకున్నాను కూడా.

రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

కవర్లో పెట్టి బీరువా మూశాను.
వారం రోజులుగా మొరాయిస్తున్న తాళం
ఈసారి నొక్కకుండానే
పడింది.