తలుపు సంగతి

కాశీబుగ్గలో మా గోడకి రెండు నంబర్లు.
పాతది సున్నంతో, కొత్తది నీలం రేకు మీద.
ఏది చదివారో,
రాత్రి రెండింటికి తలుపు పడగొట్టారు.
వాళ్ల చొక్కాల మీద
ఒక్క పేరూ లేదు.

"దాలయ్య ఏడే?"
ఆ పేరున్నోడు ఈ ఇంట పుట్టనేదు బాబూ అంటే
పిల్లదాని పుస్తకాల సంచీ బోర్లించారు.
పక్షవాతం అత్త మంచం ఎత్తి కింద వెతికారు,
ఆవిడ మంచంలో ఉండగానే.

తెల్లారి ఒకాయన కాయితంతో వచ్చాడు.
"పొరపాటైందిలే. తలుపు ముందే విరిగుందని రాశాం,
ముద్ర వెయ్యి."

పద్నాలుగేళ్లు జీడిపిక్క కొట్టిన చెయ్యి నాది.
బొటనవేలి గీతలు జీడే తినేసింది.
మూడుసార్లు సిరాలో అద్దాడు,
మూడుసార్లూ నల్లమచ్చే.
రేషను మిషను ముందు ఈ వేలిని
ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఈయేళ తిట్టలేదు.
"నీ పేరేటి బాబూ, ముందు నువ్వు సంతకం పెట్టు" అన్నాను.
కాయితం మడిచాడు.

తలుపు ఇంకా వాకిట్లోనే ఉంది.
పెద్ద సారు ఆఫీసు శ్రీకాకుళంలోనంట.
బస్సు మీదికి తలుపు ఎక్కించనిస్తారా?
దానికీ టికెట్టు కొట్టాలా?