రిజిస్టర్లో లేని గడి

రొయ్యల చెరువుల ఏరియేటర్లూ మా బ్లోయర్లూ
ఒకే గొంతుతో రొద పెట్టే చోట,
భీమవరం చివర, మురుగు శుద్ధి కేంద్రంలో
నాది రాత్రి డ్యూటీ.
పేరు పితాని మంగతాయారు. ఎవరూ పిలవరు.
టెస్టులమ్మాయి అంటారు, నలభై దాటినా.

ఊరు పడుకున్నాక ఊరంతా నా దగ్గరికొస్తుంది.
గిన్నెల జిడ్డు, మెస్సుల సాంబారు,
కల్యాణమండపం ఎంగిలి,
గొప్పా బీదా లేకుండా అందరి ఉచ్చ.
ముక్కు మూసుకోకండి.
మొన్నటిదాకా అది అన్నం.
అన్నానికి ముందు దాళ్వా వరి,
వరికి ముందు యూరియా బస్తా,
బస్తాకి ముందు ఎక్కడో కార్ఖానాలో
మంటపెట్టి పట్టి బంధించిన ఉత్త గాలి.
గాలిని మళ్ళీ గాలికి అప్పజెప్పడమే నా ఉద్యోగం.

చేసేది నేను కాదు లెండి.
కంటికి ఆనని కూలీలు, కోటానుకోట్లు,
తొట్టిలో గోధుమరంగు బురదై తిరుగుతుంటారు.
ఒక ముఠాకి బుడగలు కావాలి.
ఇస్తే అమ్మోనియా ఘాటు విరిచి నైట్రేటు చేస్తారు.
రెండో ముఠాకి బుడగలు గిట్టవు.
గాలాడని గదిలో నైట్రేటునే ఊపిరిగా పీల్చి
రేవు మెట్లు దిగినట్టు
ఒక్కో మెట్టే దించి దించి
నత్రజనిని ఆకాశానికి వదిలేస్తారు.
దానివల్ల ఎవరికీ అపకారం లేదు.
మనం పీల్చేదాంట్లో మూడొంతుల పైన అదే.

రెండో ముఠాకి ఆకలెక్కువ.
తిండి చాలకపోతే పని సగంలో వదిలేస్తారు.
ఏ పుస్తకమూ చదవని ఏసురత్నం మావకి ఇది తెలుసు.
పదిహేనేళ్ళు మ్యాన్‌హోళ్ళలోకి దిగిన మనిషి,
ఇప్పుడు వాల్వులు తిప్పుతాడు.
"కుడితి పెట్టకుండా పాలడిగితే గేదె తన్నదా?" అని
చక్కెర మిల్లు మడ్డి డబ్బా
అడుగు గీకి మరీ పోస్తాడు.

నిరుడు కరెంటు బిల్లు చూసి ఏఈ గారు
బ్లోయర్లు తగ్గించమన్నారు.
మడ్డి కూడా.
తగ్గించాం.
నీళ్ళు పాసయ్యాయి.
అమ్మోనియా గీతకి లోపలే, బీవోడీ లోపలే.
గాజు గ్లాసులో పోసి
పేపరువాళ్ళకి ఫొటో ఇచ్చేంత తేట.

ఆ తర్వాత వచ్చింది జుబేదా, పరిశోధన చేసే పిల్ల.
తొట్టి మీద ప్లాస్టిక్ గంపొకటి బోర్లించింది
కోడిపిల్లల మీద కమ్మినట్టు.
గొట్టంతో గాలి లాగి లెక్కలేసుకుంటూ
రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు టీ తాగుతూ అంది:
"మీవాళ్ళు ఆఖరి మెట్టుకి పైమెట్టు మీద జారుతున్నారక్కా."
అక్కడ జారితే పుట్టేది నవ్వు వాయువట.
పళ్ళ డాక్టర్లు నొప్పి తెలీకుండా పట్టేది.

నాకు నిజంగానే నవ్వొచ్చింది.
బొగ్గుపులుసు వాయువు కన్నా
రెండువందల డెబ్భై రెట్లు మందం దుప్పటి,
కప్పితే వందేళ్ళు దాటినా తీయలేనిది,
నేను పాస్ సంతకం పెట్టిన తొట్టిలోంచి.
కంపు లేదు.
కంపుంటే ఊరు ధర్నా చేసేది.

మొగల్తూరు దగ్గర మా పిన్ని బోరు నీళ్ళతో
చేపలపులుసుకి ఉప్పక్కర్లేదిప్పుడు.
దానికీ దీనికీ ముడి నేను వేయలేను.
జుబేదా కూడా వేయనంది.
కానీ పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా
తొట్టివైపు చూస్తున్నాను.

గంప తీసుకుని ఆ పిల్ల వెళ్ళిపోయింది.
ఏఈ గారు ఫైలు పైకి పంపారు. ఫైలింకా పైనే ఉంది.
మావ మాత్రం ఎవరికీ చెప్పకుండా
మడ్డి నిండుగా పోస్తున్నాడు.
రిజిస్టర్ తెరిస్తే ప్రవాహం, పీహెచ్, అమ్మోనియా, నైట్రేటు, సంతకం.
పైకి పోయినదానికి గడి లేదు.
స్కేలు పెట్టి మార్జిన్లో గీత గీశాను.
"మీటరే లేదుగదే, ఏం రాస్తావందులో?"
"ఏమో మావా. ముందు గడంటూ ఉండనీ."

రెండూ పదికి కరెంటు పోయింది.
బ్లోయర్లు ఆగిన నిశ్శబ్దంలో
తొట్టి మీద చిన్న చిన్న బుడగలు లేచి
ఒక్కటొక్కటే పగిలాయి,
ఎవరో నిద్దట్లో నవ్వుకుంటున్నట్టు.
మావ చీకట్లోనే జనరేటర్ వైపు పరిగెత్తాడు.
టార్చి పళ్ళమధ్య పట్టుకుని
కొత్త గడిలో రాశాను:
నాలుగు నిమిషాలు.