తాకని మొన

మా మామయ్య ఫ్లూరిన్ టువర్ చేతిపని
సూదులు చెక్కడం.
కుట్టే సూదులు కావు, గుచ్చే సూదులూ కావు.
టంగ్‌స్టన్ తీగను క్షారంలో ముంచి
అది సన్నబడి సన్నబడి తెగేదాకా కాచుకుని కూచునేవాడు.
తెగినచోట, మొన కొసన
ఒకే ఒక్క పరమాణువు మిగిలితే
ఆ రాత్రి భోజనంలో ఇంకో గ్లాసు వైన్.

మిగలని రోజులే ఎక్కువ.

జ్యూరిక్ సరస్సు పైగట్టున, ఎనభై ఒకటి చలికాలం.
పగలు పని సాగేది కాదు.
కింద రోడ్డుమీద లారీ వెళ్తే చాలు,
వరండాలో ఎవరో దగ్గితే చాలు,
సూదికి భూకంపం.
అందుకని రాత్రిళ్ళు,
బూట్లు విప్పేసి, మేజోళ్ళతో, దొంగల్లా.
ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలేవారట.

మొన లోహాన్ని తాకకూడదు.
తాకితే చెడుతుంది, ఎడమైతే గుడ్డిదవుతుంది.
మధ్యన ఖాళీ ఎంతంటే
వెంట్రుకను లక్ష చీలికలు చేస్తే అందులో ఒక్కటి.
ఆ ఖాళీలోంచి కరెంటు దాటుతుంది.
దాటకూడదు. దాటుతుంది.
"గోడ దూకలేదే మెంజియా,
అక్కడ గోడ ఉందని దానికెవరూ చెప్పలేదు, అంతే"
అనేవాడు మామయ్య.
నాకు ఎనిమిదేళ్ళు. నమ్మేశాను.

ఓ తెల్లవారుజామున
గీతల యంత్రం కాగితం మీద గట్లు గీసింది,
దున్ని వదిలేసిన చేనులా, వరసలు వరసలు.
బంగారం ముక్క ఒంటి మీది మెట్లు.
చూశావా అని అడిగితే
చూళ్ళేదన్నాడు. తడిమామన్నాడు,
చూపులేనివాడు మనవడి మొహం తడిమినట్టు.

సముద్రం అవతల కథ వేరు.
అంతకు పాతికేళ్ళ ముందే, ఒక కాలేజీలో ఓ పదిమంది
యంత్రానికి ఆలోచన నేర్పడానికి
ఒక్క వేసవి చాలు, గట్టి అడుగే వేస్తామనుకున్నారు.
వేసవి అయిపోయింది.
ఆటల ఎత్తులు వచ్చాయి, లెక్కల రుజువులు వచ్చాయి,
పిల్లిని చూసి పిల్లి అనడం మాత్రం రాలేదు.
డబ్బిచ్చినవాళ్ళు చేతులు దులుపుకున్నారు.
ఆ ఎండిన ఏళ్ళకి చలికాలమని పేరు పెట్టుకున్నారు.
చలికాలమంటే ఏమిటో
మా డిసెంటిస్‌కి వచ్చి అడగాల్సింది.

అలాంటివి రెండు గడిచాక,
గోరంత చిప్పు మీద కోట్ల మీటలు పట్టాక,
పాత ఊహే మళ్ళీ చిగిర్చింది:
సూత్రాలు వల్లెవేయించకు. చూపించు.
తప్పితే చిటికెడు సర్దు.
మళ్ళీ చూపించు.

ఇప్పుడు ఆ చిటికెడే నా ఉద్యోగం.
కూర్ పట్నంలో, రెండో అంతస్తులో, గంటకింతని.
మా రొమాంచ్ మాట్లాడేవాళ్ళందర్నీ పోగేస్తే
ఓ మోస్తరు ఊరు.
యంత్రం వాక్యం రాస్తుంది,
నేను ఒప్పో తప్పో నొక్కుతాను.
ముందున్న మాటల్ని తడిమి తడిమి
తర్వాతి మాట ఊహించడమే దాని విద్య.
మంచుని అది ఏనాడూ తాకలేదు.

నిన్న దాన్ని మంచు గురించే అడిగాను.
మంచుని మేం నెయ్వ్ అంటాం.
పైన పెచ్చు కట్టి, కాలు వేస్తే
అరక్షణం మోసి, అప్పుడు కూలే మంచు ఒకటుంది.
మామయ్య దగ్గర దానికో మాట ఉండేది,
ఆయనతో పాటే పోయింది.
యంత్రం ఏదో మాట చెప్పింది.
ఏ నిఘంటువులోనూ లేదు.
విడదీసి చూస్తే అర్థం:
మాట తప్పే మంచు.

తప్పు మీట మీద నా వేలు ఆగింది.
ఇంకా తాకలేదు. వెంట్రుకవాసి.
ఆ ఖాళీలోంచి ఏదో దాటింది,
ఎటునుంచి ఎటో తెలీదు.

తప్పు అనే నొక్కాను. జీతం దానికే.

సాయంత్రం, మెట్ల దగ్గర పారతో మంచెత్తుతోంది
పక్కింటి బార్లా అత్త. ఎనభై దాటాయి.
"అటు కాలెయ్యకు, అది..." అంటూ
నోటికి ఆ మాటే వచ్చేసింది.
ఆవిడ పార ఆపింది.
"ఎన్నాళ్ళయిందో మెంజియా,
ఆ మాట విని."